ఊపిరి నడిచే తీగ

గాజుసీసాలో తుప్పురంగు బురద. మూత గట్టిగా బిగించి ఉంది, లోపల ఆక్సిజన్ ఆనవాలు లేదు. అమెరికాలోని పోటోమాక్ నది అడుగు మట్టి నుంచి తీసిన సూక్ష్మజీవికి అక్కడ దొరికే తిండల్లా కాస్త ఎసిటేట్, అంటే వెనిగర్‌లోని ఆమ్లానికి దగ్గరి చుట్టం. రోజులు గడిచేకొద్దీ ఆ తుప్పు రంగు నల్లబడింది. సీసా పక్కకు అయస్కాంతం తెస్తే నల్లటి పొడి గాజుగోడ వైపు కదిలి అతుక్కుంది. అయస్కాంతానికి లొంగని తుప్పు మాగ్నటైట్‌గా మారిపోయిందన్నమాట. డెరెక్ లవ్లీ, ఆయన సహచరులు 1987లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశీలన ఇది. ఆ పని చేసిన జీవికి తర్వాత జియోబ్యాక్టర్ మెటాలిరెడ్యూసెన్స్ అని పేరు పెట్టారు.

ఈ జీవి కథను శాస్త్రవార్తగా చాలామంది చెప్పారు. నేను దీన్ని రసదృష్టితో చదవదలచాను. అద్భుతరసానికి విస్మయం స్థాయీభావం అని మన ఆలంకారికులు తేల్చారు. విస్మయం కలిగించడం అంత కష్టమేమీ కాదు, గారడీవాడూ కలిగిస్తాడు. లోగుట్టు తెలిశాక కూడా అది తరగకుండా నిలవడమే అరుదు. జియోబ్యాక్టర్ ఒంటి నుంచి బయటికి సాగిన నానోతీగల విషయంలో నాకు దొరికింది ఆ అరుదైన రెండో రకం విస్మయం. లోపలికి వెళ్ళేకొద్దీ అది పెరుగుతూ పోయింది.

మొదట ఊపిరి సంగతి చూడాలి. మనం అన్నం తింటే అందులోంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియాలో చేతులు మారి మారి చివరకు ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ ప్రయాణంలో పుట్టిన శక్తి ఏటీపీగా నిల్వ పడుతుంది. (ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ గుర్తించినప్పుడే, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు కూడా విడిగా కనుగొన్నారు. ఈ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఆ పేరు తలుచుకోవడం మన విధి.) శ్వాస అంటే మూలంలో ఇంతే: ఎలక్ట్రాన్లను పుచ్చుకునే వాడొకడు చివర ఉండాలి. బురద అడుగున ఆక్సిజన్ ఉండదు. జియోబ్యాక్టర్‌కు దొరికే ఆ చివరివాడు తుప్పు. చిక్కేమిటంటే తుప్పు నీటిలో కరగదు, కణంలోకి రాదు. ఒక్క ఎసిటేట్ అణువును పూర్తిగా అరిగించుకుంటే 8 ఎలక్ట్రాన్లు మిగులుతాయి. వాటిని ఒంటి గోడలు దాటించి, బయట పడివున్న రాయికి అప్పగించాలి. అప్పగించలేకపోతే ఊపిరి ఆగిపోయినట్టే.

ఈ ఇరకాటంలోంచే తీగ పుట్టింది. అందుకే నాకిది అందంగా తోస్తుంది. మనిషి రాగితీగను సాగదీసింది కరెంటును ఎక్కడికో తీసుకుపోవడానికి. ఈ తీగ పుట్టింది బతకడానికి. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనన్నాడు. ఆయన కొలబద్దతో చూస్తే ఇందులో తీసేయాల్సినది గాని అదనంగా అతికించినది గాని ఏదీ కనబడదు.

2005లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ ప్రాంగణంలో జెమ్మా రెగెరా, లవ్లీ తదితరులు ఒక సన్నని లోహపు మొనను దీని దగ్గరి చుట్టమైన జియోబ్యాక్టర్ సల్ఫర్‌రెడ్యూసెన్స్ చుట్టూ వెంట్రుకల్లా పెరిగిన పోగులకు ఆనించి చూశారు. పోగులకు అడ్డంగా కరెంటు ప్రవహించింది. ఒక్కో పోగు వెడల్పు మూడు నుంచి ఐదు నానోమీటర్లు. పొడవు మాత్రం కణం పొడవుకు ఎన్నో రెట్లు. ప్రొటీను అంటే విద్యుత్తుకు అడ్డుగోడ అనే నమ్మకంలో పెరిగిన తరం అది. సూక్ష్మజీవుల నానోతీగలు అనే మాట ఆ పరిశోధనతోనే వాడుకలోకి వచ్చింది. ఆ పోగులు పిలై అనే ప్రొటీను కేశాలని, వాటిలోని వలయాకారపు అమినో ఆమ్లాల వరసలే ఎలక్ట్రాన్లను మోస్తున్నాయని ఆమ్‌హర్స్ట్ బృందం వాదించింది. 2011లో నిఖిల్ మల్వాంకర్ అక్కడే ఉండి, ఈ పోగులు అల్లుకున్న పొరల్లో లోహాల తరహా విద్యుత్ ప్రవాహం ఉందని చూపించాడు.

తర్వాత తాళపత్రాల్లో వచ్చే పాఠభేదం లాంటిది వచ్చింది. మల్వాంకర్ యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, వర్జీనియా విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ ఈగల్‌మన్, కాలిఫోర్నియా అర్వైన్‌లోని ఆలన్ హాక్‌బామ్‌లతో కలిసి అదే పోగులను క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాడు. గడ్డకట్టించిన నమూనాల నుంచి వేలాది చిత్రాలు తీసి, వాటన్నిటినీ కలిపి ఒక్క రూపంగా తేల్చే పద్ధతి అది. 2019లో ‘సెల్’ పత్రికలో ఫలితం వచ్చింది. పిలై కనబడుతుందనుకున్న చోట ఓఎమ్‌సీఎస్ అనే సైటోక్రోము ప్రొటీను కనబడింది. ఒకదాని తలకు ఒకటి తగిలించుకుంటూ సాగిన పొడవాటి దారం అది. అదే ఏడు మరో బృందం కూడా విడిగా ఇదే రూపం చేరింది. 2021లో యేల్ బృందమే పిలై రూపం కూడా బయటపెట్టి, వాటి పని తీగలను కణం బయటికి నెట్టడమని వాదించింది. లవ్లీ పక్షం దీన్ని ఒప్పుకోలేదు. పిలై స్వయంగా విద్యుత్తును మోస్తాయని వారు ఇప్పటికీ అంటున్నారు. వారి సాక్ష్యాలు కొట్టిపారేయదగ్గవి కావు. నా ఓటు మాత్రం 2019 నాటి పాఠానికి. పరమాణువుల స్థాయిలో దొరికిన పాఠం అది కావడం ఒక కారణం. రెండో కారణం దాని అందం. దానికోసమే ఈ వ్యాసం.

ఆ దారం లోపలికి వెళ్దాం. ఒక్కో ఓఎమ్‌సీఎస్ ప్రొటీనులో ఆరు హీములు ఉంటాయి. హీము మనకు కొత్త కాదు, మన నెత్తురు ఎర్రగా ఉండేది దానివల్లే. చదునైన వలయం, దాని నడుమ నాలుగు నైట్రోజన్ల మధ్య ఒక ఇనుప పరమాణువు. మన హిమోగ్లోబిన్‌లో ఆ ఇనుముకు ఒక పక్క హిస్టిడిన్ అనే అమినో ఆమ్లం అతుక్కుని ఉంటుంది, రెండో పక్క ఖాళీ. ఆక్సిజన్ వచ్చి కూర్చునేది ఆ ఖాళీలోనే. ఓఎమ్‌సీఎస్‌లో ఆ ఖాళీ లేదు. రెండు పక్కలా హిస్టిడిన్లే. వాయువుకు చోటు మూసేస్తే ఇనుముకు మిగిలిన పని ఒక్కటే: ఎలక్ట్రాన్ వస్తే పుచ్చుకోవడం, పక్కవాడికి ఇచ్చేయడం. మన ఒంట్లో ఆక్సిజన్‌ను మోసే హీమే, ఒక్క తలుపు మూసేసరికి ఆక్సిజన్ లేని చోట ఊపిరిని మోస్తోంది. వస్తువు అదే, చిన్న మార్పుతో అర్థం తలకిందులైంది. ఆలంకారికుడు కుంతకుడు వక్రోక్తి అన్నది దీన్నేనని నాకనిపిస్తుంది. జియోబ్యాక్టర్ ఒత్తుగా పెరిగిన పొర గులాబీ ఛాయ కలిసిన ఎరుపులో ఉంటుంది. ఆ ఎరుపూ హీముదే.

ఇప్పుడు హీముల నడక చూడండి. మొదటి హీము, రెండో హీము ఒకదానికొకటి సమాంతరంగా, ముఖాముఖి నిలబడతాయి. రెండోది, మూడోది లంబంగా, ఒకటి నిలువు ఒకటి అడ్డం. మూడు, నాలుగు మళ్ళీ సమాంతరం. నాలుగు, ఐదు మళ్ళీ లంబం. సమాంతర జతల అంచుల మధ్య దూరం నాలుగు ఆంగ్‌స్ట్రాములకు కాస్త అటూ ఇటూ. లంబ జతల మధ్య ఆరుకు దగ్గర. ఆంగ్‌స్ట్రాము అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు. దగ్గర, దూరం, దగ్గర, దూరం. గురులఘువులు ఒక క్రమంలో పడుతూ పోతే గణం ఏర్పడినట్టు ఆరు హీములకు ఒక ప్రొటీను ముగుస్తుంది, వెంటనే మరొకటి అదే లయతో మొదలవుతుంది. ఒక్కో ప్రొటీను దారాన్ని 4.67 నానోమీటర్లు ముందుకు నడిపిస్తుంది. లెక్కవేస్తే మైక్రోమీటరు పొడవుకు దాదాపు 1,300 హీములు. ఈ వరసలో ఎక్కడా తెగు లేదు. ఎలక్ట్రాన్ ఒక హీము నుంచి మరో హీముకు దాటడానికి దూరం 14 ఆంగ్‌స్ట్రాములు మించితే ఆ దాటు బతకడానికి పనికిరానంత నెమ్మదిస్తుంది. ఇక్కడ అతిపెద్ద ఎడం కూడా అందులో సగానికి లోపే.

ఒక ప్రొటీను ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోటు మరీ ముచ్చటైనది. అతుకు కదా, బలహీనంగా ఉంటుందని అనుకుంటాం. అక్కడ ఒక ప్రొటీనుకు చెందిన హిస్టిడిన్ పక్క ప్రొటీనులోకి చొచ్చుకుపోయి, అక్కడి హీములోని ఇనుమును పట్టుకుని ఉంటుంది. తెలుగు వృత్తపద్యం చదివే అలవాటున్నవారికి ఈ ఒడుపు వెంటనే అందుతుంది. పాదం అయిపోతుంది, మాట అయిపోదు. సగం మాట ఈ పాదంలో, సగం తర్వాతి పాదంలో. గొంతెత్తి చదివేవాడు ఆగకుండా సాగిపోతాడు. నాలుగు పాదాలు విడివిడిగా నిలబడకుండా ఒకే పద్యమయ్యేది ఆ పట్టుతోనే. తిక్కనలో ఇది ఎంత సహజంగా సాగుతుందో చెప్పనక్కర్లేదు. పోగు విడిపోకుండా, ప్రవాహం ఆగకుండా కాపాడుతున్నది బురదలోని తీగలోనూ ఇలాంటి కట్టే.

ఛందస్సు పోలికను ఇంకో మెట్టు ఎక్కిస్తాను, ఎందుకంటే వాస్తవమే అక్కడికి తీసుకుపోతోంది. జియోబ్యాక్టర్‌లోనే ఓఎమ్‌సీఈ అనే మరో సైటోక్రోము తీగ 2022లో బయటపడింది. అందులో ఒక్కో ప్రొటీనుకు నాలుగే హీములు. రెండు ప్రొటీన్ల అమినో ఆమ్లాల వరసలు పోల్చితే చుట్టరికం కనబడదు. హీముల అమరిక మాత్రం దాదాపు ఒకటే. 2023లో మరుగునీటి ఊటల వంటి చోట్ల బతికే ఆర్కియా జీవుల్లోనూ ఇలాంటి తీగలు దొరికాయి. పదాలు వేరు, భాష వేరు, కవులు వేరు. వృత్తం అదే. పరిణామం వేర్వేరు దారుల్లో వెళ్ళి ఒకే నడకకు చేరిందంటే, ఆ నడకలో ఏదో అనివార్యత ఉండాలి. నాకైతే ఈ ఒక్క విషయం దగ్గరే గంటల తరబడి కూర్చోవాలనిపిస్తుంది.

ఓఎమ్‌సీజెడ్ అనే ఇంకో తీగ ఉంది, ఎనిమిది హీములది. బ్యాక్టీరియాను విద్యుత్ క్షేత్రంలో పెంచితే ఇది ఎక్కువగా తయారవుతుందని 2020లో తేలింది. ఓఎమ్‌సీఎస్ కంటే సుమారు వెయ్యి రెట్లు బాగా విద్యుత్తును పారిస్తుంది. అయినా అందంలో నాకు ఓఎమ్‌సీఎస్ తర్వాతే.

తీగల మాట వచ్చినప్పుడు డెన్మార్కును వదిలేయలేం. ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో లార్స్ పీటర్ నీల్సన్ బృందం సముద్రపు బురదను గాజుపాత్రలో పెట్టి చూస్తోంది. పైన నీళ్ళలో ఆక్సిజన్ తీసేస్తే, సెంటీమీటరుకు పైగా లోతున సల్ఫైడ్ ఖర్చు గంటలోపే మారిపోతోంది. ఏ రసాయనమూ బురదలో అంత వేగంగా పాకి ఆ కబురు మోసుకుపోలేదు. 2010లో వాళ్ళు బురదలో విద్యుత్తు పారుతోందని చెబితే నమ్మడానికి చాలామంది వెనకాడారు. 2012లో ఒక సన్నని టంగ్‌స్టన్ తీగను బురదలో అడ్డంగా లాగి కోశారు. కోసిన మరుక్షణం లోతుకూ పైకీ సంబంధం తెగిపోయింది. కనుక లోపల పైనుంచి కిందికి ఏదో తీగ ఉండి తీరాలి. ఉంది. వేల కణాలు ఒకదాని వెంట ఒకటి చేరి సెంటీమీటర్ల పొడవున సాగిన కేబుల్ బ్యాక్టీరియా అది. అడుగు కణాలు సల్ఫైడ్ తింటాయి, పై కణాలు ఆక్సిజన్ పీలుస్తాయి. తిండి ఒకరిది, ఊపిరి ఇంకొకరిది. 2019లో కొలిస్తే సెంటీమీటరుకు 79 సీమెన్స్ దాకా విద్యుత్ వాహకత తేలింది. జీవపదార్థంలో అది ఊహకు అందని సంఖ్య. అందులో హీముల బదులు నికెల్ ఉన్న సమ్మేళనం పనిచేస్తోందని తర్వాతి పరిశోధన. జియోబ్యాక్టర్ తీగ ముక్తకమైతే ఇది ప్రబంధం.

ఈ ప్రబంధానికి మనతో నేరుగా సంబంధం ఉంది. నీళ్ళు నిలిచిన వరిమడి అడుగున ఆక్సిజన్ ఉండదు, అక్కడ మీథేన్ పుడుతుంది. 2020లో కుండీల్లో వరి పెంచి, ఆ మట్టిలో కేబుల్ బ్యాక్టీరియాను చేర్చి చూస్తే మీథేన్ విడుదల 93 శాతం తగ్గింది. అవి సల్ఫైడ్‌ను సల్ఫేట్‌గా మారుస్తుంటే, ఆ సల్ఫేట్‌తో బతికే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేసేవాటికి తిండి మిగలనీయవు. ఇది కుండీల ప్రయోగమే, పొలాల్లో ఏమవుతుందో పొలాల్లోనే చూడాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మడిలో దిగి కాళ్ళకు నల్లటి బురద అంటించుకున్న ప్రతివారూ ఇలాంటి శ్వాసల నడుమ నిలబడ్డవారేనని మాత్రం నిస్సంకోచంగా చెప్పగలను. ఇనుమును పీల్చే జీవులు నీటి మడుల్లో మామూలే.

ఇక మనిషి ఈ తీగను తీసుకుని ఏం చేశాడన్న ప్రశ్న. బయోఎలక్ట్రానిక్స్ పేరుతో వచ్చిన పనులన్నీ ఒకే స్థాయివి కావు. విమర్శకుడు ఇక్కడ తూకం వేయాల్సిందే.

అందరి నోటా పడింది గాలి తేమ నుంచి కరెంటు. ఆమ్‌హర్స్ట్‌లో జున్ యావో, లవ్లీ బృందాలు 2020లో ‘నేచర్’లో చూపిన పరికరం అది. బ్యాక్టీరియా నుంచి వేరు చేసిన ప్రొటీను తీగలను 7 మైక్రోమీటర్ల మందపు పొరగా పరిచారు. కింద బంగారు ఎలక్ట్రోడు, పైన పొరలో కొంత మేర మాత్రమే కప్పే చిన్న ఎలక్ట్రోడు. పై భాగం గాలిలోని తేమను ఎక్కువగా, కింది భాగం తక్కువగా పీల్చుకుంటాయి. ఆ తేడా నుంచి సుమారు అర వోల్టు, చదరపు సెంటీమీటరుకు 17 మైక్రోయాంపియర్లు. అద్భుతమే, సందేహం లేదు. అయితే 2023లో యావో బృందమే ఇంకో సంగతి తేల్చింది. 100 నానోమీటర్ల లోపు రంధ్రాలున్న ఏ పదార్థంతోనైనా దాదాపు ఇదే ఫలితం వస్తుంది. అంటే అక్కడ పనిచేసింది తీగ స్వభావం కాదు, తీగల మధ్య ఖాళీలు. మహాకవి పద్యాన్ని అక్షరాల సొంపు కోసం గోడకు అంటించినట్టుంది. ఉపయోగం ఉంది, రసం లేదు.

2020లోనే ఆమ్‌హర్స్ట్ నుంచి వచ్చిన మెమ్రిస్టరు నా దృష్టిలో ఎన్నో రెట్లు గొప్పది. మెమ్రిస్టరు అంటే తన గుండా పారిన కరెంటును గుర్తుంచుకునే పరికరం, మెదడు తరహా కంప్యూటర్లకు పునాది. వెండి అయాన్లు ఎలక్ట్రాన్లు పుచ్చుకుని లోహంగా మారి ఒక చిన్న వంతెన కట్టుకుంటే అది తెరుచుకుంటుంది. అంతకుముందు వచ్చిన పరికరాల్లో ఈ వంతెన కట్టుకోవడానికి చాలా ఎక్కువ వోల్టేజి కావలసి వచ్చేది. మన నాడీకణాలు పనిచేసేది వోల్టులో పదో వంతు అటూ ఇటూగా. జియోబ్యాక్టర్ తీగలను ఆ వెండి మధ్య పరిచేసరికి 40 నుంచి 100 మిల్లీవోల్టులకే వంతెన పడింది. ఎలక్ట్రాన్లను లోహపు అయాన్‌కు సులువుగా అందించడం తీగకు పుట్టుకతో వచ్చిన విద్య. బురదలో ఇనుముకు అందించింది, ఇక్కడ వెండికి అందించింది. బురద అడుగున ఊపిరి పీల్చుకోవడానికి నేర్చిన పని నాడి భాషలో మాట్లాడే యంత్రానికి పనికొచ్చింది. తీగ తన ధర్మాన్ని వదలకుండానే కొత్త అర్థం ఇచ్చింది. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని అన్నది ఇలాంటి చోటే పలుకుతుంది. 2025లో ఈ బృందం ఇదే మార్గంలో 0.1 వోల్టు దగ్గర పనిచేసే కృత్రిమ నాడీకణాన్ని కూడా తయారుచేసింది.

రాగితో పోల్చి ఈ తీగలు ఎంత బలహీనమో చెప్పేవాళ్ళున్నారు. ఆ పోటీ దీనిది కాదు. నీటిలో, ఒంట్లో, తక్కువ వోల్టేజిలో, విషం మిగల్చకుండా పనిచేసే తీగ కావాలనుకున్న రోజున రాగి ఎందుకూ పనికిరాదు. అమోనియాను పసిగట్టే సెన్సార్లు ఇప్పటికే వీటితో చేసి చూశారు. జియోబ్యాక్టర్‌ను పెంచడం కష్టం, దానికి ఆక్సిజన్ పడదు. అందుకని 2020లో తేలిగ్గా పెరిగే ఈ.కోలైతోనే ప్రొటీను తీగలను తయారుచేయించారు. నావరకు వీటన్నిటికీ ఒకటే పరీక్ష: తీగ తన స్వభావంతో పనిచేస్తోందా, లేక ఉత్త పీచుగా మిగిలిందా? మొదటి రకం పరికరాలే నిలుస్తాయని నా నమ్మకం.

ఈ వ్యాసం చదివినవారికి ఒక విన్నపం. ఓఎమ్‌సీఎస్ తీగ రూపం ప్రొటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. 6EF8 అనే కోడ్‌తో వెతకండి. ముందు ప్రొటీను మొత్తం కనబడుతుంది. దాన్ని తెరమీంచి తీసేసి హీములను మాత్రం ఉంచండి. అప్పుడు నెమ్మదిగా తిప్పుతూ, సమాంతరం, లంబం, సమాంతరం అని లెక్కపెట్టుకుంటూ ఒక్క ప్రొటీను పొడవైనా నడవండి. పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.